కొళాయి కట్టేయకు

వెర్లిన్, లేవగానే బయటి కొళాయి కట్టేయకు. కాఫీ ఫ్లాస్కులో ఉంది. మన ఇంటిబండి మెట్లు చప్పుడు చేయకుండా దిగు.

గొట్టంలో నీళ్లు గడ్డకడతాయని రాత్రి మళ్లీ కొళాయిని బొట్లు బొట్లుగా వదిలేసి పడుకున్నావు. ఇది నార్త్ డకోటా కాదయ్యా, యూమా ఎడారి! ఇక్కడ గడ్డకట్టింది నీ బుర్ర ఒక్కటే. నిన్ను తిట్టుకుంటూనే కట్టేద్దామని దిగాను.

చూస్తే ఆ బొట్ల కింద ఒక తేనెపిట్ట స్నానం చేస్తోంది. నా బొటనవేలంత కూడా లేదు. మెడ కింద నిప్పుకణికలా ఎర్రటి మెరుపు. జనవరిలో, వెర్లిన్! మన ఊళ్లో ఈపాటికి తలుపు తెరుచుకోనంత మంచు. నేను ఊపిరి బిగబట్టి నిలబడిపోయాను. అది నన్ను లెక్కే చేయలేదు.

రిటైరయ్యాం, చలికాలాలు బండి ఇక్కడే నిలుపుకుని ఉందాం, ఈ స్థలం కొందామని నువ్వు పోరు పెడుతూనే ఉన్నావు. గుప్పెడు ఇసక కొనడమేంటని మొండికేసింది నేనే. ఇప్పుడు ఈ స్థలాలమ్మే ఆఫీసుకి వెళ్తున్నా, కొంటున్నామని చెప్పడానికి.

ఆర్డిస్

అన్నట్టు, కొళాయికి కాస్త దూరంగా కుర్చీ వేశాను. నేనొచ్చేదాకా అందులోంచి లేవకు. పెళ్లయిన ఇన్నేళ్లలో చలికాలంలో నువ్వు ఆరుబయట ఊరికే కూర్చోవడం నేనింకా చూడలేదు.