ఎస్తేరు టీచరు ఊరికే నిలబడలేదు

పెద్దసారు గారికి, మీ బడిలో తెలుగు చెప్పే ఎస్తేరుకు అత్తగారిని, ఉప్పుగూడ నుంచి దండం పెట్టి రాస్తున్నాను.

సోమవారం నుంచి ఆమె క్లాసు వేరేవాళ్లకు ఇస్తానన్నారట. విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. పాఠం చెప్పకుండా నిలబడుతోందని మీకు కోపమట. ఆమెకు జబ్బేమీ లేదు సారూ, బద్ధకం అసలే లేదు.

పోయిన నెల తన పాఠం తానే ఫోన్లో రికార్డు చేసి విన్నది. "అత్తమ్మా, పీరియడంతా నేనే మాట్లాడిన. పిల్లల గొంతే లేదు" అని ఏడ్చింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు తెలుగు మాట వెతుక్కోవడానికి టైము కావాలట. అందుకే ఇప్పుడు ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఆగి నిలబడుతోంది.

అలా ఆగడం ముందు నా మీదే అలవాటు చేసుకుంది. "ఇయ్యాల ఎట్లున్నవ్ అత్తమ్మా?" అని అడిగి నా మొహమే చూస్తూ కూర్చుంది. "ఏం తప్పు జేసిన బిడ్డా?" అన్నాను. నవ్వింది గానీ మాట్లాడలేదు. చివరికి ఎవరికీ చెప్పని మోకాలి నొప్పి సంగతి నేనే బయటపెట్టాను.

ఏడాదంతా నోరు తెరవని ఉమ్మే హానీ అనే పిల్ల మొన్న లేచి, వాళ్ల అమ్మమ్మను తలుచుకుని, "టీచర్, మా నాని రొట్టె మంచిగ జేస్తది" అన్నదట. మర్నాడే, ఆమె ప్రశ్న అడిగి ఆగినప్పుడు, మీరు కిటికీలోంచి చూశారు.

ఒక్కసారి లోపలికి వచ్చి కూర్చోండి సారూ. మిమ్మల్ని చూసి పిల్లలు బెదురుతారు, అయినా వెంటనే లేచి వెళ్లిపోకండి. ఈ ఉత్తరం సంగతి ఆమెకు తెలియదు. కోపమొస్తే నన్ను తిట్టండి, క్లాసు మాత్రం ఆమెకే ఉంచండి.