విత్తనపు కంకులు ఎవరూ తీయలేదు

అమ్మా,

నీవు పోయిన తరువాత మొదటి పంట ఇల్లు చేరింది. ఆదోని పత్తిమిల్లులో సెలవు అడిగి వచ్చి, అక్కడి యంత్రాలకు చేసినట్లే మన మొక్కజొన్నలు ఒలిచే చేతియంత్రానికీ నూనె పెట్టి, పళ్లచక్రం సరిచేశాను. నాయన పిడి తిప్పాడు. తమ్ముడు కంకులు అందించాడు. పొద్దు వాలేలోగా కంకులన్నీ అయిపోయాయి.

అప్పుడు తమ్ముడు, "అన్నా, విత్తనం యాడ పెట్టినావు?" అన్నాడు.

"నువ్వే తీసింటావనుకుంటి."

నాయన పిడి వదిలాడు. "ప్రతియేడూ మీయమ్మ తీస్తాండె గదరా."

నిరుడు ఈ యంత్రం కొత్తగా వచ్చినప్పుడు, "ఇది నా చేతి యేళ్లు గూడా ఒలుస్తాదేమప్పా?" అని నన్ను ఎగతాళి చేసి, మంచి కంకులు ఏరి ఒడిలో వేసుకొని లోపలికి పోయావు. యంత్రమంటే నీకు భయమని మేము నవ్వుకొన్నాము. నీవు వాటిని చేత్తో ఒలిచి, కంకి కొన గింజలనూ మొదలు దగ్గరి గింజలనూ కోళ్లకు వేసి, నడిమివి మాత్రమే విత్తనానికి ఉంచేదానివి. యంత్రం ఈసారి అన్నిటినీ కలిపివేసింది.

రాశి ముందు కూర్చుని, బల్లపరుపుగా ఉండే నడిమి గింజలను ఏరసాగాను. కాసేపటికి నాయన వచ్చి ఎదురుగా కూర్చుని తానూ ఏరాడు. కుండ నిండిన తరువాత బూడిద కలిపి, మూతికి గుడ్డ కట్టాను.

నాయన దానిని ఎత్తుకొని వంటింట్లో నిలబడ్డాడు.

"యాడ పెడతాండె రా, మీయమ్మ?"

నాకు తెలియదు. తమ్ముడికీ తెలియదు. కుండ ప్రస్తుతం నీ పొయ్యి పక్కన ఉంది.