ముందే దంచిన గింజలు

జాంగ్‌షు,
తొమ్మిదో నెల

చిరంజీవి యున్‌ష్యాకు అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని మొదట రాయాలి గనుక రాశాను. మీ నాన్నకు చిన్న దగ్గు కూడా లేదు, దున్నపోతులా ఉన్నాడు.

"అమ్మా, కోపం తగ్గిందా? నిద్ర పడుతోందా?" అని అడిగావు. నాకు గుండెలో వేడి ఎక్కిందని మీ నాన్నే రాసుంటాడు. తగ్గలేదు. ఎందుకు తగ్గాలి?

మనసు నెమ్మదించి నిద్రపట్టే మందుకు పుల్లరేగు గింజలే ప్రాణం కదా. మన మందుల కొట్లో వాటిని కొనేవాళ్ల కళ్లముందే దంచి పొట్లం కట్టేవాళ్లం. రెండేళ్లుగా మీ నాన్న ముందే దంచి డబ్బాలో పోసి ఉంచుతున్నాడు. జనానికి ఆలస్యం కాకూడదట! కిందటి చలికాలం పక్కింటి పాన్ అవ్వ కషాయం పిప్పిని వీధిలో పారబోసింది, పదిమందీ తొక్కితే రోగం పోతుందని. నేనూ తొక్కబోయి ఆగిపోయాను. రోకటికి దొరకని గింజలు నాలుగు కనిపించాయి. అసలువాటిలా ఎర్రగా లేవు. పసుప్పచ్చగా, మచ్చలతో ఉన్నాయి. అవి చవకరకం, ఎన్ని కాచి తాగినా కునుకు రాదని మన కొట్లో పిల్లికి కూడా తెలుసు.

అప్పుడు నోరు మూసుకున్నాను. పోయిన వారం పాన్ అవ్వ కళ్లు గుంటలు పడి మన కొట్టుకు వచ్చింది. "తప్పు మందుది కాదు తల్లీ, నా గుండే చెడ్డది. రెట్టింపు కట్టు" అంది. ఇంక ఆగలేకపోయాను.

"ఏవయ్యా, ఈ ముసలామె ఉసురెందుకు పోసుకుంటావ్? ఆ డబ్బాలో ఏం దంచావో చెప్పు!" అని అందరి ముందూ అరిచాను.

మీ నాన్న నవ్వుతూ, "ఏమనుకోకండి, మా ఆవిడకి ఈ వయసులో కాస్త వేడి చేసింది. గోధుమలూ అతిమధురమూ పుల్లరేగు గింజలూ కాచి పోస్తే అదే సర్దుకుంటుంది" అన్నాడు. అందరూ నవ్వారు. పాన్ అవ్వ కూడా నవ్వింది. నా ఒళ్లు మండిపోయింది.

నిజంగానే కాచి తెచ్చాడు. "తాగవే, చల్లారిపోతుంది" అన్నాడు. నేను తిన్నగా వంటింట్లోకెళ్లి కుండలో పిప్పి చూశాను. ఎర్రటి గింజలు, అసలైనవి. అంటే ఏది ఏదో ఆయనకు బాగానే తెలుసు. తాగలేదు. మర్నాడు పాన్ అవ్వ ఇంటికెళ్లి ఉన్నదంతా చెప్పేశాను. ఇప్పుడు వీధంతా మన గుమ్మం ముందు తిడుతోంది, మీ నాన్న నాతో మాట్లాడటం మానేశాడు.

ఇక నీ సంగతి. చెప్పకుండా ఇంతదాకా వచ్చాను. బిడ్డ పోయాక కన్ను మూతపడటం లేదని వసంతంలో రాశావు. ఏడు పొట్లాలు పంపాను. అవీ ఆ చవకరకం గింజలే. తెలిసే కట్టాను. నీకోసం అసలు గింజల డబ్బా తీస్తే, ఊరికి ఇస్తున్నది దొంగసరుకని ఒప్పుకున్నట్టే కదా. మీ నాన్న పక్కనే నిలబడి ఉన్నాడు, నాకు ధైర్యం చాలలేదు. ఆయన దొంగే, అయినా ఇంట్లోదానికి అసలువే కాచాడు. నేను కన్నకూతురికి ఆ మాత్రం చెయ్యలేదు.

"అమ్మ చేతి మందు, హాయిగా నిద్రపట్టింది" అని జవాబు రాశావు. పట్టలేదు కదూ? నేను బాధపడతానని అబద్ధం రాశావు. అది చదువుకుని నేను మాత్రం హాయిగా నిద్రపోయాను.

ఇట్లు,
నీ తిట్ల కోసం ఎదురుచూసే
అమ్మ