మీ అత్తగారి విరేచనాల విషయమై

ఆసుపత్రి వరండా,
సంగారెడ్డి.

సౌభాగ్యవతి నాగేశ్వరికి దీవెనలు.

ఇంటి సమాచారాన్ని ఫోనులో చెబితే అది మాట అవుతుంది గాని నివేదిక కాదు. నివేదికలో ముందు విషయం, తరువాత కారణం, చివర చర్య ఉండాలి. మధ్యలో "ఏమైందండీ" అని ఎవరూ అడ్డు రాకూడదు. అందుచేత ఈ ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం. ఈ వాక్యంలో మా అమ్మ తాత్కాలికంగా చేరదు.

నిన్న ఉదయం నుంచి అమ్మకు నీళ్ల విరేచనాలు. ఇప్పుడు సెలైన్ ఎక్కుతోంది. మూత్రం వస్తే గండం గడిచినట్టేనని డాక్టరమ్మ అంకిత అన్నారు. ఇంకా రాలేదు.

ఇక నీ ప్రశ్నలు. అత్తయ్యగారు వేళకు తింటున్నారా అన్నావు. తిన్నారు, అనుమానాలన్నీ అక్కడే మొదలయ్యాయి. నీళ్లు కాచి ఇస్తున్నారా అన్నావు. కాచాను. త్వరగా చల్లారడానికి ట్యాంకర్ నీళ్లు కలిపాను. నువ్వు చూడబోయిన మీ అక్కగారి మోకాలు ఎలా ఉందో రాయగలవు.

కారణంపై ఇంట్లో విచారణ జరిపాను. అమ్మ నా ఉప్మాను అనుమానించింది. నేను ఆమె దాచుకున్న చేపల పులుసును అనుమానించాను. ఎదురింటి ఇందిరమ్మగారు ఇద్దరినీ వదిలేసి ట్యాంకర్‌ను పట్టుకున్నారు. ఇక్కడికి వచ్చాక డాక్టరమ్మ విరేచనాలు మూడు రకాలన్నారు: నీళ్లలా పోయేవి, రక్తమూ జిగురూ పడేవి, రెండు వారాలు దాటినా తగ్గనివి. మొదటి రకానికి పోయిన నీటినీ ఉప్పునూ తిరిగి ఇవ్వడమే వైద్యమట, తిండి కూడా ఆపకూడదట. రక్తం పడితే పరీక్షించి మందివ్వాలట. అమ్మది ఏ రకమో రెండు వారాలు నిండనిదే ఎలా నిర్ధారిస్తారని స్పష్టత కోరాను.

"సార్, మీరు జెర బయట కూసోండ్రి," అన్నారామె.

ఇంతవరకు రాయనిది ఇప్పుడు రాస్తున్నాను. మా కంపెనీ ప్లాంటులో గొట్టం కారితే ముందు లోపలికొచ్చే వాల్వు కట్టేయాలి. కొత్తవాళ్లకు ఆ పాఠం చెప్పేది నేనే. ఆ ప్రకారం నిన్న పగలంతా అమ్మకు నీళ్లు ఆపించాను.

"ఒరే హరీ, గొంతైనా తడుపుకోనియ్యరా," అంది.

కారడం ఆగాక ఇస్తానన్నాను. సాయంత్రానికి ఆమె నోరు ఎండిపోయింది, కళ్లు లోపలికి పోయాయి. ఇందిరమ్మగారు తలుపు తోసుకొని వచ్చారు.

"ఏంది సారూ, పెద్దమ్మను గిట్ల ఎండబెట్టిన్రు? గామె మనిషా, మీ కంపెనీల పైపా? జల్దీ ఆటో పిలువున్రి."

ఆటోలో చెంచాతో ఓఆర్ఎస్ తాగించింది ఆవిడే. నేను సంచి పట్టుకున్నాను. వాల్వు కట్టినా కారడం ఎందుకు ఆగలేదో నాకు ఇప్పటికీ బోధపడలేదు. అమ్మ అడిగినప్పుడు ఎందుకు ఇవ్వలేదన్నది అంతకన్నా బోధపడటం లేదు.

ఇక్కడ కలం ఆపవలసి వచ్చింది. అమ్మ పిలిచింది. నర్సమ్మా నేనూ చెరోపక్క పట్టుకొని మూత్రానికి తీసుకెళ్లాం. వచ్చింది. తిరిగి మంచమెక్కాక, "అమ్మాయికి చెప్పకురా, దడుచుకుంటాది," అంది.

కనుక ఈ నియమం జారీ చేయడమైనది: ఇకమీదట ఈ ఇంట్లో ఎవరికి విరేచనాలు పట్టినా, నువ్వు ఇంట్లో ఉన్నప్పుడే పట్టవలెను. ఇదే అంతిమం.

ఇట్లు,
నీ భర్త,
హరినాథ్