ఫుట్‌పాత్‌కి అడ్డం

కౌన్సిలర్ గారికి,

ఫుట్‌పాత్‌కి అడ్డంగా ఉన్న మా కుర్చీలు తీసేయమన్న మీ నోటీసు అందింది. మా వెస్ట్‌సైడ్ పేటలోని ఈ వీధి మూల ఇన్నాళ్ళకు మీ కంట పడినందుకు ధన్యులమయ్యాం.

నేరం ఒప్పుకుంటున్నాం. ఈ వేసవంతా రోజూ సాయంత్రం ఐదుగురు తల్లులం అక్కడ కూర్చుని చికెన్ కాలుస్తున్నాం. ప్లేటు పట్టుకొచ్చిన ప్రతి కుర్రాడితోనూ ఒడెస్సా పెద్దమ్మ ఒకటే మాట అంటుంది: “నడుముకున్న ఆ తుపాకీ ఇంట్లో పడేసి రారా నాయనా, అప్పుడు పెడతా లెగ్ పీసు!” సిగ్గుపడుతూ వెళ్ళి, ఉత్త నడుముతో తిరిగొస్తున్నారు. ఎండలు మొదలైన జూన్ నుంచి మా వీధిలో ఒక్క తూటా పేలలేదు.

ఒక్కటే సందేహం. నిరుడు మా అబ్బాయి డారియస్ అదే ఫుట్‌పాత్ మీద, తెల్లగుడ్డ కింద, నాలుగు గంటలు పడి ఉన్నాడు. వాడు ఎవరికీ అడ్డమనిపించలేదా?

ఇట్లు,
మూడో కుర్చీలో కూర్చునే మనిషి