ఒక్క వరస కనబడే అట్టముక్క

ఏమయ్యా తవితా,

నువ్వు చేపల వేట నుంచి వచ్చేసరికి నేను పడవ ఎక్కేసి ఉంటాను. చేమదుంపలు ఉడికించి మూత పెట్టాను.

మన ఫెతూ చదువుకోవడానికి బిస్కెట్ల పెట్టె కోసి అట్టముక్క చేశాను. బైబిల్లో ఉంది. పుట మీద పెడితే మధ్యలో కోసిన సందులోంచి ఒక్క వరసే కనబడుతుంది. మిగతావి కప్పేస్తే అమ్మాయికి అక్షరాలు ఒకదానిమీదొకటి ఎక్కవు. కళ్ళు బాగానే ఉన్నాయనీ, చూసింది పోల్చుకోవడమే కష్టమనీ నర్సు చెప్పింది కదా! ఇంకోసారి దాన్ని "బద్ధకం మొద్దు" అన్నావో, ఊరుకోను.

నిన్న సాయంత్రం ప్రార్థనలో తన వంతు వచనం గడగడా చదివిందని మీ నాన్న మురిసిపోయాడు. అది తెరిచిన పుటే వేరు. పొద్దున నాచేత చదివించుకుని కంఠతా పట్టేసింది. ఇకనుంచి దాని వంతుకు నాలుగు మాటలు చాలు. అది చదివేదాకా అందరూ ఆగండి.

ఆస్ట్రేలియా పళ్ళతోటల్లో ఆరు నెలల కూలిపని. ఇంకా గడప దాటనేలేదు, అప్పుడే దాని తలనూనె వాసన మీదికి మనసు పోతోంది.

మసినా

మరిచాను. ఈ కాగితం వెనకవైపు ఫెతూకి పెద్ద అక్షరాలతో ఒక్క వరస రాశాను. నువ్వు చదివి వినిపించకు. అది తనంతట చదివిన రోజున ఫోన్ చేయించు. అది నాకు చదివి వినిపిస్తూ ఎన్నిసార్లు ఆగినా నేను ఫోన్ పెట్టెయ్యను.