సర్వేయర్ వచ్చేదాకా కారు తుడవకండి

మామయ్యా,

ఇన్సూరెన్స్ సర్వేయర్ ఈరోజు మన కారు చూడటానికి వస్తున్నాడు. ఆయన ఫోటోలు తీసుకునేదాకా దయచేసి కారు తుడవకండి. రోజూ తుడిచే చెయ్యి ఊరుకోదని తెలిసే ఆ గుడ్డ నా బ్యాగులో వేసుకుని పోతున్నాను. సొట్ట పోతుందని దాని మీద మళ్లీ వేడినీళ్లు కూడా పోయకండి. "సారే సొట్ట సక్కగ చేస్తే ఇగ సర్వేయర్ వచ్చి ఏం జూస్తడమ్మా?" అని పంజాగుట్ట షెడ్డు నర్సింహులన్న నిన్ననే ఫోన్లో మొత్తుకున్నాడు.

సర్వేయర్‌కి టీ ఇవ్వండి, బిస్కెట్లు పెట్టండి. "పర్లేదు" అని మాత్రం అనకండి. పోయినసారి మీ స్కూటర్ చూడటానికి వచ్చినాయనతో "చిన్న గీతే సార్, పర్లేదు" అన్నారు. ఆయన అదే రాసుకుని పోయాడు. క్లెయిమ్ పోయింది. ఈసారి జరిగింది జరిగినట్టు చెప్పండి. కోడలు సెల్లార్‌లో రివర్స్ చేస్తూ పిల్లర్‌ని గుద్దింది, వెనక లైటు పగిలింది, డిక్కీ తెరుచుకోవట్లేదు. నా పరువు గురించి ఫికర్ వద్దు. ఆ చప్పుడు మధురానగర్ మొత్తం విన్నది.

కారు తీయలేను కాబట్టి అమీర్‌పేట దాకా నడిచి మెట్రో ఎక్కుతాను. ఇడ్లీలు హాట్‌బాక్స్‌లో ఉన్నాయి.

సెరీనా

ఇంకొకటి. ఆ రోజు నేను ఏడుస్తూ దిగితే మీరు కారు వైపు చూడనే లేదు. "పర్లేదమ్మా, నీకేం కాలేదు కదా" అన్నారు. ఆ పర్లేదు నాకొక్కదానికే. సర్వేయర్‌కి వద్దు.